ఆ శనివారం గొంతును అలాగే ఉండనివ్వండి

కిందటి సంక్రాంతినాడు మా సభ్యుల్లో ఒకరి ఇంట్లో భోజనాలయ్యాక కాలక్షేపానికి ఒక వీడియో పెట్టారు. 1986 జులై 12, శనివారం నాడు లండన్ వెంబ్లీ స్టేడియంలో క్వీన్ బృందం చేసిన రాక్ కచేరీ అది. రెండు గంటలకు కాస్త తక్కువ నిడివిగల ఆ వీడియో పూర్తికావడానికి మాకు నాలుగు గంటలు పట్టింది. పాట పాటకీ ఎవరో ఒకరు ఆపడం, ఒక అభిప్రాయం చెప్పడం, దానికి ఇంకొకరు అడ్డం పడడం. మూడు విడతల కాఫీ అయ్యాక ఆ ఇంటి ఇల్లాలు రిమోటు తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. తగవు మాత్రం తాళానికి లొంగలేదు. కోట్లు తొడుక్కుని కార్ల దాకా వెళ్ళి, చలిలో నిలబడి కూడా సాగింది.

మంచిదే. తెలుగువాళ్ళు నలుగురు చేరి, స్థలాల ధరలూ వీసాల సంగతులూ కాకుండా ఒక పాట గురించి చలిలో నిలబడి పోట్లాడుకున్నారంటే సంతోషించవలసిందే. కాని ఆ రోజు మేము విన్న అభిప్రాయాలు దాదాపు అన్నీ తప్పని మా నమ్మకం. ఒకరివి కావు, నాలుగు పక్షాలవారివీ. ఆ తప్పు వెంబ్లీలోనే ఉండిపోయేదైతే ఇన్ని స్టెన్సిళ్ళు ఖర్చు పెట్టేవాళ్ళం కాదు. అది మన ఉగాది వేదిక మీదికి కూడా వచ్చి పీట వేసుకుని కూర్చుంది. అందుకని ఈ రాత.

ముందు ఆ నాలుగు పక్షాలేమిటో చెప్పాలి.

మొదటిది గొంతు పక్షం. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రవాడొకడు దానికి నాయకుడు. "ఇందులో ఫ్రెడీ మెర్క్యురీ గొంతు అరిగిపోయింది అంకుల్. రికార్డులో ఉన్న పైస్వరాలు చాలావరకు ఎగ్గొట్టాడు. గొంతంటే మాంట్రియాల్ వీడియోలోది!" అని వాడి వాదం. రెండవది భక్త పక్షం. "చావు దగ్గరపడిందని తెలిసి పాడిన మనిషి పాటకు మార్కులు వేస్తారా మీరు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారొకరు. మూడవది పెద్దల పక్షం. "పాటంటే పాడాలి గాని, ఆ కేకలేమిటి? తను కేక పెట్టడం చాలక జనంచేత కూడా పెట్టించడమేమిటి?" అని వారి ఆక్షేపణ. నాలుగవది మరమ్మతు పక్షం. ఆ పక్షంవారు వృత్తిరీత్యా ఇంజనీరు. "ఇప్పుడు కంప్యూటరులో ఆ దిగిన స్వరాలన్నీ పైకి లాగి సరిచేయవచ్చునండీ. అలా సరిచేసి మళ్ళీ విడుదల చేస్తే తగవే ఉండదు" అని వారి పరిష్కారం.

నాలుగు పక్షాలూ ఒకదానికొకటి బద్ధశత్రువుల్లా కనిపిస్తాయి గాని, నాలుగింటి అడుగునా ఉన్న తప్పు ఒకటే. ఒక సాయంత్రం జరిగిన కచేరీని ఆ సాయంత్రంగా చూడరు. ఒకరు దాన్ని రికార్డుతో తూస్తారు. ఒకరు మరణవార్తతో తూస్తారు. ఒకరు తమకు అలవాటైన కచేరీతో తూస్తారు. ఒకరు అసలు జరగని కచేరీతోనే తూస్తారు. జరిగిన కచేరీని చూసినవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు.

ఇప్పుడు ఆ వీడియో పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చూద్దాం. ఎందుకంటే అభిప్రాయాలు చెప్పినవారిలో చాలామందికి తాము దేనిమీద అభిప్రాయం చెపుతున్నారో తెలియదు.

1986 వేసవిలో క్వీన్ బృందం 'మ్యాజిక్ టూర్' పేరుతో యూరప్ అంతా తిరిగింది. జూన్ 7న స్టాక్‌హోమ్‌లో మొదలుపెట్టి ఆగస్టు 9న ఇంగ్లండులోని నెబ్‌వర్త్‌లో ముగించారు. మొత్తం 26 కచేరీలు. అవే మెర్క్యురీ ఈ బృందంతో చేసిన ఆఖరి యాత్ర కచేరీలయ్యాయి. నడుమ జులై 11, 12 తేదీలలో వెంబ్లీలో వరసగా రెండు రోజులు పాడారు. రోజుకు డెబ్భై వేల పైచిలుకు జనం. శుక్రవారం వాన పడింది. శనివారం తెరిపి ఇచ్చింది. ఆ శనివారం కచేరీనే గావిన్ టేలర్ దర్శకత్వంలో వీడియోగా తీశారు. జనసముద్రాన్ని చూపించడానికి హెలికాప్టరు నుంచి కూడా తీశారు. పసుపుపచ్చ కోటు, ఎర్రచార తెల్ల పంట్లాం, చేతిలో అడుగు భాగంలేని మైకు కర్ర: లోకానికి ఫ్రెడీ మెర్క్యురీ అంటే ఇవాళ గుర్తొచ్చే బొమ్మ ఆ కచేరీలోదే.

ఆ ఏడాదే దాన్ని కుదించి టీవీలో చూపించారు. 1990లో కాసెట్టుగా అమ్మకానికి వచ్చినప్పుడు కూడా చాలా పాటలు కోసేశారు. కచేరీ సాంతం జనానికి అందింది 2003లో, డీవీడీగా. 2011 ముద్రణలో శుక్రవారం కచేరీని కూడా చేర్చారు. అంటే పదమూడేళ్ళపాటు అభిమానులు ఏ కాసెట్టును ముందుకూ వెనక్కూ తిప్పి తీర్పులు చెప్పారో, అది పూర్తి కచేరీ కానేకాదు. సగం భారతం విని ధర్మరాజుకు శిక్ష వేసినట్టు.

ఇక గొంతు పక్షంవారి సంగతి.

వారు చెప్పే విషయం అబద్ధం కాదు. వెంబ్లీలో మెర్క్యురీ చాలాచోట్ల రికార్డులోని పైస్వరాలకు పోలేదు. కిందిదారిన వచ్చాడు. కొన్నిచోట్ల పైభాగాన్ని డ్రమ్సు వాయించే రోజర్ టేలర్ అందుకున్నాడు. కొన్నిచోట్ల జనానికి వదిలేశాడు. ఇది 1986లో కొత్తగా పుట్టిన అలవాటు కూడా కాదు. ఆయనకు గొంతులో కాయలు లేచి 1975లోనే అమెరికా యాత్రలో కొన్ని కచేరీలు మానుకోవలసి వచ్చింది. అప్పటినుంచి ఆ గొంతును కాపాడుకుంటూ, బేరమాడుకుంటూ వాడిన మనిషి. రాత్రి రాత్రికీ గొంతు మారేది. ఎంత ఉందో చూసుకుని, ఉన్నదాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో అక్కడ పెట్టేవాడు.

దీన్ని లోపం అనేవారిని మేమొకటి అడుగుతున్నాం. మన పద్యనాటకాల కాలంలో ఒక్కొక్క నటుడి పద్యం గ్రామఫోను రికార్డుగా వచ్చేది. డెబ్భై ఎనిమిది సుళ్ళ రికార్డుకు ఒక పక్క మూడు నిమిషాల చిల్లర. ఆ మూడు నిమిషాల్లో ఇమిడేటట్టు పద్యం కొలిచి పాడేవారు. అదే నటుడు ఊళ్ళో తెర లేచాక అదే పద్యాన్ని రికార్డులోలాగే పాడాడా? పాడితే జనం ఊరుకునేవారా? కిట్సన్ లైటు వెలుగులో, ఆ రోజు జనాన్ని చూసుకుని, గొంతు చూసుకుని, ఒక రోజు పావుగంట రాగం తీసేవాడు. ఇంకో రోజు జలుబు చేస్తే భావం మీద నడిపించి గట్టెక్కేవాడు. వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడేవాడు, రెండోసారి ఇంకోరకంగా. ఈలపాట రఘురామయ్యగారి పద్యం విన్నవాళ్ళు "రికార్డులో ఉన్నట్టు లేదే" అని ఇంటికి పోయారా? రికార్డు గుర్తుగా ఇంట్లో ఉంచుకునేది. పద్యం నాటకంలో ఉండేది. ఈ తేడా మన తాతలకు చదువు లేకుండానే తెలుసు. మనకు చదువుండీ తెలియడం లేదు.

పైగా క్వీన్ రికార్డులతో కచేరీని తూచడం మరీ అన్యాయం. 1975 నాటి 'బొహీమియన్ రాప్సొడీ'లో నడిమి భాగం ముగ్గురు మనుషులు పాడింది. మెర్క్యురీ, బ్రయన్ మే, రోజర్ టేలర్ తమ గొంతుల మీదే తమ గొంతులను పొరలు పొరలుగా వేసుకుంటూ, టేపు అరిగేదాకా పాడి కట్టిన మేడ అది. ముగ్గురు మనుషులు వందమంది బృందగానంలా వినిపిస్తారు. దాన్ని వేదిక మీద ఏ గొంతూ పాడలేదు. యవ్వనంలో ఉన్న గొంతయినా పాడలేదు.

"అయితే మాంట్రియాల్ మాటేమిటి?" అంటారు. సరే, మాంట్రియాల్ చూద్దాం. 1981 నవంబరు 24, 25 తేదీలలో మాంట్రియాల్ ఫోరమ్‌లో పాడారు. సాల్ స్విమ్మర్ అనే దర్శకుడు సినిమాలకు వాడే ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీశాడు. గొంతు అద్భుతం, కాదనం. 2024లో ఐమాక్స్ తెరమీద కూడా ఆడించారు. కాని ఆ సినిమా రెండు రాత్రులను కత్తిరించి ఒకటిగా కుట్టింది. ఈ పాట మంగళవారంది కావచ్చు, ఆ పాట బుధవారంది కావచ్చు. మనం "ఆ రాత్రి గొంతు" అని మెచ్చుకుంటున్న రాత్రి పంచాంగంలో లేదు. కుట్టినందుకు మేము తప్పు పట్టడం లేదు. సినిమా తీసేవాడికి ఆ హక్కు ఉంది. కాని కుట్టిన పట్టుచీర పక్కన ఒకే రోజు నేసిన చీరను పెట్టి "దీనిలో ముడి కనిపిస్తోంది" అనడం న్యాయం కాదు. ఒకే రాత్రిది కావాలంటే 1982 జూన్ 5 నాటి మిల్టన్ కీన్స్ కచేరీ ఉంది. అక్కడ గొంతు బొంగురుపోయి ఉంటుంది. ఆ బొంగురునే ప్రాణంగా చూసుకునే అభిమానులున్నారు. వారే మాకు దగ్గరివాళ్ళు.

ఆ స్విమ్మరే అంతకుముందు బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం 1971 ఆగస్టు 1న న్యూయార్కులో జరిగిన కచేరీని సినిమా తీశాడు. అందులో రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ వాద్యాలు శ్రుతి చేసుకుంటుంటే, అదే సంగీతమనుకుని జనం చప్పట్లు కొడతారు. రవిశంకర్ దానికి నవ్వుతూ చురక వేస్తారు. ఆ చప్పట్లను సినిమాలోంచి తీసెయ్యలేదు. తీసేసి ఉంటే ఆ రోజు న్యూయార్కు జనానికి మన సంగీతం ఎంత కొత్తో మనకు తెలిసేది కాదు. జనం పొరపాటు కూడా కచేరీలో భాగమే.

రెండవది భక్త పక్షం. వీరితో వాదించడం కష్టం, ఎందుకంటే వీరు ఏడుస్తూ వాదిస్తారు.

"వెంబ్లీలో 'హూ వాంట్స్ టు లివ్ ఫరెవర్' పాడుతున్నప్పుడు ఆయన ముఖం చూడండి, అంతా తెలిసిన ముఖం" అంటారు. తేదీలు చూడమని మా మనవి. ఆ పాట రాసింది బ్రయన్ మే, 'హైలాండర్' అనే సినిమా కోసం. తనకు ఎయిడ్స్ సోకిందని మెర్క్యురీకి నిర్ధారణగా తెలిసింది 1987 వసంతంలోనని ఆయనతో కలిసి జీవించిన మనిషే తరవాత రాశాడు. మరణించింది 1991 నవంబరు 24న. 2018లో వచ్చిన 'బొహీమియన్ రాప్సొడీ' సినిమా ఆ వార్తను 1985 నాటి లైవ్ ఎయిడ్ కచేరీకి ముందుకు జరిపింది, కథ రక్తి కట్టడానికి. సినిమా కథ సినిమాకు సరిపోయింది. ఇప్పుడు లోకమంతా ఆ కళ్ళద్దాలే పెట్టుకుని పాత వీడియోలు చూస్తోంది.

అసలు ఆ శనివారం వేదిక మీద ఆయన చెప్పిన సంగతేమిటి? బృందం విడిపోతుందని వస్తున్న పుకార్లను పట్టించుకోవద్దని, అవి ఎక్కడినుంచి పుడుతున్నాయో వెనక్కి వేలు చూపించి మరీ మోటుగా నవ్వించాడు. చచ్చేదాకా కలిసే ఉంటామని చెప్పాడు. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి, పనిలో తలమునకలైన మనిషి, హాస్యమాడుతున్నాడు. అయిదేళ్ళ తరవాత జరగబోయేదాన్ని తెచ్చి ఆ హాస్యం మీద కప్పి, దాన్ని వీలునామాగా చదవడం ఆయనకు గౌరవమా? మేము కాదంటాం. పోయినవాళ్ళను దేవుళ్ళను చెయ్యడం మనకు వెన్నతో పెట్టిన విద్య. దేవుడికి శ్రుతి తప్పదు. తప్పినా ఎవరూ అనరు. అంతటితో ఆయన పాట వినడం కూడా మానేస్తాం, హారతి ఇస్తాం. పాడిన మనిషికి ఇంతకంటే పెద్ద ద్రోహం లేదు.

మూడవది పెద్దల పక్షం. వారిలో సగంమంది మేమే కనుక కాస్త జాగ్రత్తగా రాస్తున్నాం.

"కేకలు" అన్నారు. ఆ కేకల దగ్గర వీడియో ఆపి చూడమని మా ప్రార్థన. వాద్యాలన్నీ ఆగిపోతాయి. ఒక మనిషి ఒంటరిగా ముందుకు వస్తాడు. ఒక చిన్న స్వరఖండం వేస్తాడు. డెబ్భై వేలమంది దాన్ని తిరిగి అంటారు. ఇంకొంచెం మెలిక పెడతాడు. అదీ అంటారు. ఇంకా కష్టమైనది వేస్తాడు, వారు తడబడతారు, ఆయన నవ్వుతాడు. దీన్ని మనం ఎక్కడా చూడలేదా? కాళ్ళకు గజ్జెలు, మెడలో పూలదండ, చేతిలో చిడతలు, ఒక్క మనిషి తెల్లవార్లూ ఊరిని కూర్చోబెట్టి, కునికేవాళ్ళచేత "గోవిందా" అనిపించే హరిదాసు ఎవరు? జనంచేత అనిపించడం గాయకుడి చేతకానితనమని ఆదిభట్ల నారాయణదాసుగారిని విన్న తరంవారితో అని ఉంటే ఏమనేవారో ఊహించుకోండి. సంగీతం వేరు, కథ వేరు, ఒప్పుకుంటాం. జనాన్ని చేతిలోకి తీసుకునే విద్య మాత్రం ఒకటే. రికార్డులో లేనిదీ, కచేరీలో మాత్రమే ఉన్నదీ ఆ విద్య.

ఇంకో పెద్దాయన అటునుంచి నరుక్కొచ్చారు. "ఎంతయినా మనవాడే కదండీ, పార్సీ, పాంచ్‌గనీలో చదివినవాడు" అని మెచ్చుకోలుకు దిగారు. నిజమే. 1946లో జాంజిబారులో ఫరూఖ్ బుల్సారాగా పుట్టి, పాంచ్‌గనీలో సెయింట్ పీటర్స్ బడిలో హాస్టల్లో ఉండి చదివి, జాంజిబారు విప్లవం తరవాత 1964లో తల్లిదండ్రులతో లండన్ దగ్గర ఫెల్తమ్‌కు చేరినవాడే. 2016లో ఆ ఇంటికి నీలం ఫలకం కూడా పెట్టారు. కాని పాట నచ్చకపోయినా పుట్టుక చూసి మెచ్చుకోవడం, పెళ్ళిచూపుల్లో గోత్రం అడిగినట్టుంది. మనవాడు కనుక వినడం కాదు, విన్నాక మనవాడయితే అదీ చుట్టరికం.

వెంబ్లీ తరవాత పదిహేను రోజులకు, 1986 జులై 27న, బుడాపెస్టులో పాడారు. ఆ వీడియో కూడా ఉంది. అందులో ఒక హంగేరీ జానపదగీతం ఎత్తుకున్నాడు. భాష రాదు. మాటలు అరచేతిలో రాసుకున్నాడు. మైకు ముందు నిలబడి అరచెయ్యి చూసుకుంటూ పాడాడు. దాచలేదు. కెమెరా కూడా దాచలేదు. స్టేడియం గంగవెర్రులెత్తింది. మన సినిమా పాటలు పాడిన పరభాషా గాయకులెందరో తమ లిపిలో కాగితం మీద రాసుకుని పాడారు. కాని ఆ కాగితం స్టూడియో గోడల మధ్య ఉండిపోయింది. బుడాపెస్టులో కాగితం అరచెయ్యి అయి జనం ముందుకు వచ్చింది. ఆ జనానికి అర్థమైందేమిటి? ఈ మనిషికి మన భాష రాదు, అయినా మనకోసం ఈ పూట నేర్చుకున్నాడు. ఉచ్చారణ సరిచేసి, చెయ్యి కనిపించకుండా కత్తిరించి ఉంటే ఆ వీడియోలో మిగిలేదేమిటి?

ఇక మరమ్మతు పక్షం. నిజమైన ప్రమాదం వీరివల్లనే. మిగతా మూడు పక్షాలూ మాటలే. వీరి చేతిలో పనిముట్టు ఉంది.

1997లో ఆటోట్యూన్ వచ్చినప్పటినుంచి శ్రుతి తప్పిన స్వరాన్ని పట్టి లాగి గూటిలో కూర్చోబెట్టడం పిల్లలాట అయింది. ఇప్పుడు ఇంట్లో కంప్యూటరు మీద కూడా చెయ్యవచ్చు. "తప్పేముంది?" అని మా ఇంజనీరుగారు అడిగారు. తప్పేమిటంటే, వెంబ్లీలో ఆ గొంతు కిందిదారిన వచ్చిన చోటల్లా ఒక నిర్ణయం ఉంది. అర క్షణంలో తీసుకున్న నిర్ణయం. ఇక్కడ పైకి పోతే చివరిదాకా గొంతు మిగలదు, కనుక దిగుదాం. ఈ ముక్క జనానికిద్దాం. ఇది రోజర్‌కు వదులుదాం. ఆ నిర్ణయాల వరసే కచేరీ. స్వరాన్ని పైకి లాగితే నిర్ణయం చెరిగిపోతుంది. మిగిలేది అందరూ మెచ్చుకునే ఒక అబద్ధం.

ఇక్కడే వెంబ్లీ వీడియోలో మాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన ఘట్టం చెప్పాలి. దాన్ని ఆ రోజు ఒక్కరూ ప్రస్తావించలేదు. 'బొహీమియన్ రాప్సొడీ' మొదటి భాగం మెర్క్యురీ పియానో దగ్గర కూర్చుని పాడతాడు. నడిమి భాగం వస్తుంది, ముగ్గురి గొంతులతో కట్టిన ఆ మేడ. వేదిక మీద అది పాడటం అసాధ్యం. ఏం చేస్తారు? రికార్డులోని భాగాన్ని టేపు మీద వేస్తారు. వేసి, వేదిక దిగి లోపలికి పోతారు! దీపాలు తిరుగుతాయి, పొగ లేస్తుంది, టేపు మోగుతుంది, మనిషి ఉండడు. ఆ భాగం అయి గిటారు అందుకోవలసిన చోట మళ్ళీ పరుగున వస్తారు. ఏళ్ళ తరబడి ఆ పాటకు వాళ్ళు చేసిన ఏర్పాటు అదే. మైకు పట్టుకుని పెదవులు ఆడించి ఉంటే చివరి వరసలో ఉన్నవాడు కనిపెట్టలేడు. డెబ్భై వేలమందిని మోసం చెయ్యడం అంత సుళువు. చెయ్యలేదు. "ఇది మేము ఇక్కడ పాడలేం, ఇది టేపు, మీరూ తెలుసుకోండి" అని వేదిక ఖాళీ చేసి చెప్పారు. కచేరీ చివర కిరీటం, రాజుల అంగీ వేసుకుని దణ్ణాలు పెడుతున్నప్పుడు మోగే రాణిగారి గీతం కూడా టేపే. అప్పుడూ ఎవరూ వాయిస్తున్నట్టు నటించరు. ఆడంబరానికి పేరుపడిన మనుషుల దగ్గర ఆ నిజాయితీ ఉంది.

ఇప్పుడు మన ఉగాది దగ్గరికి రండి.

నాలుగైదేళ్ళుగా మన వేదిక మీద ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. ఎవరూ అనరు. మొదట వాద్యాలు మాత్రమే ఉన్న కరోకే ట్రాక్ వచ్చింది. సరే, ఇక్కడ మృదంగం వాయించేవారూ వయొలిన్ వాయించేవారూ ఎక్కడ దొరుకుతారని ఒప్పుకున్నాం. తరవాత గొంతుతో సహా ఉన్న ట్రాక్ వచ్చింది. ముందురోజు ఇంట్లో పాడి, కంప్యూటరులో సరిచేయించుకుని తెచ్చుకున్న గొంతు. వేదిక మీద పెదవులాడతాయి, చెయ్యి తాళం వేస్తుంది, పట్టుచీర మెరుస్తుంది, గొంతు మాత్రం నిన్నటిది. కిందటి ఉగాదికి ఒక పాట నడుమ మైకు కిందపడింది. పాట ఆగలేదు! హాల్లో కొందరు నవ్వారు, కొందరు నేల చూపులు చూశారు. కమిటీవారు దాన్ని "సాంకేతిక లోపం" అని రాసుకున్నారు.

వీళ్ళను తిట్టడానికి కాదు ఇది రాస్తున్నది. ఎందుకిలా చేస్తున్నారని అడిగాం. జవాబు ఒకటే. "వీడియో తీస్తారండీ. తప్పు పోతే ఊళ్ళోవాళ్ళందరి ఫోన్లలోకీ వెళ్తుంది." అది వట్టి భయం కాదు. అంతకుముందు ఏడాది ఒక అమ్మాయి, పదిహేనేళ్ళది, ట్రాక్ లేకుండా, పక్కన తంబూరా శ్రుతి పెట్టె మాత్రం పెట్టుకుని ఒక త్యాగరాజ కీర్తన పాడింది. చరణం దగ్గర శ్రుతి జారింది. ఒక్క క్షణం ఆగి, నవ్వి, మళ్ళీ ఎత్తుకుని, చక్కగా పాడి ముగించింది. ముందు వరసలో మేమంతా చప్పట్లు కొట్టాం. ఎవరో ఆ జారిన చోటు మాత్రం చిన్న ముక్కగా కత్తిరించి నలుగురికీ పంపారు. మళ్ళీ ఎత్తుకున్న భాగం అందులో లేదు. ఆ ముక్క మా ఫోన్లకూ వచ్చింది. మాలో ఇద్దరం దాన్ని ఇంకొకరికి పంపాం కూడా. హాస్యానికే పంపాం. ఆ అమ్మాయి ఆ తరవాత వేదిక ఎక్కలేదు. వాళ్ళమ్మగారిని అడిగితే "ఇంట్లో పాడుతోందండీ, తలుపేసుకుని" అన్నారు.

వెంబ్లీ వీడియో మీద తగవులాడుకున్న రాత్రి ఇంటికి పోతూ మాకు గుర్తొచ్చింది ఆ తలుపు. ఒక శనివారం గొంతు కింద దిగిందని, దాదాపు నలభయ్యేళ్ళ తరవాత కూడా లెక్కపెట్టే మనుషులం మనం. అలా లెక్కపెట్టేవాళ్ళ ముందు పదిహేనేళ్ళ పిల్ల ఎందుకు పాడాలి? గొంతు పక్షంవారు తప్పులు ఎంచుతారు, మరమ్మతు పక్షంవారు తప్పులు కప్పుతారు. ఇద్దరూ కలిసి నేర్పేది ఒక్కటే: పాడకు, పాడినట్టు కనిపించు.

కనుక మా వాదన ఇది. కచేరీ వీడియో సాక్ష్యం. అది పరీక్ష పేపరూ కాదు, సమాధి మీద రాతా కాదు. ఫలానా రోజు, ఫలానా జనం ముందు, ఫలానా మనిషి తన దగ్గర ఉన్న గొంతుతో ఏం చేశాడో చెప్పే సాక్ష్యం. సాక్షిని అడ్డుకోకూడదు, సాక్ష్యాన్ని దిద్దకూడదు. నచ్చలేదనండి, ఒప్పుకుంటాం. మాంట్రియాల్ గొంతు మీకు ఎక్కువ ఇష్టమనండి, మీ ఇష్టం. కాని పడి లేచిన చోట లేవడం కూడా చూసి చెప్పండి.

వచ్చే ఉగాదికి మేము కమిటీ ముందు పెడుతున్న కోరికలు మూడే. ఒకటి, గొంతుతో సహా ఉన్న ట్రాక్ మన వేదిక మీద వద్దు. ఎవరికైనా తప్పనిసరి అయితే, ఆ నలుగురు చేసినట్టు చెయ్యండి. టేపు మోగినంతసేపూ వేదిక దిగి పక్కన నిలబడండి. రెండు, వీడియో తీసేవారు పాట మొత్తం తియ్యండి, మొత్తమే ఇతరులకు పంపండి. ముక్కలు పంపకండి. మూడు, ఆ అమ్మాయి ఇంటికి మాలో ఆ ముక్కను పంపిన ఇద్దరం వెళ్ళి క్షమాపణ చెప్పుకుంటాం. పాడమని అడుగుతాం. పాడనంటే బలవంతం చెయ్యం.

దీనికి జవాబు రాయదలచినవారు రాయండి. గొంతు పక్షమైనా, భక్త పక్షమైనా అచ్చుతప్పులతో సహా వేస్తాం. ఒక్కొక్కరికి ఒక స్టెన్సిలు మించకుండా ఉంటే చాలు.